బాక్‌నిన్ సీమ స్త్రీలు

వియత్నాము దేశపు రాజధానియైన హనోయి నగరమునుండి ఈశాన్యముగా 30 కిలోమీటర్లు పోయినచో బాక్‌నిన్ అను సీమ వచ్చును. ఎఱ్ఱనది తెచ్చి పోసిన ఒండ్రునేల. వరిమళ్లు, వెదురుపొదలు, తామరచెఱువులు, పెంకుటిండ్ల పల్లెలు. 2025 జూలై 1వ తేదీకి పూర్వము ఆ దేశమున మండలములును మహానగరములును కలిసి 63 ఉండగా, వైశాల్యమున వానిలో మిక్కిలి చిన్నది యిదియే. 820 చదరపు కిలోమీటర్లకు రెండు మూడు ఎక్కువ, అంతే. ఆనాడు ఉత్తరమున నున్న బాక్ జాంగ్ మండలముతో దీనిని కలిపి, బాక్‌నిన్ అను పేరు నిలిపి, పరిపాలనస్థానమును మాత్రము బాక్ జాంగ్ పట్టణమున నుంచిరి. ఈ రెండు సీమలును 1962లో ఒకమారు కలిసి, 1997లో వేఱుపడినవే. తోడికోడండ్రు వేఱుకాపురములు పెట్టి మరల ఒక వంటయింటికి వచ్చినట్లు మాకు తోచినది. కలిసిన సీమకు జనసంఖ్య సుమారు 36 లక్షలు.

ఇంత దూరపు సీమను గూర్చి మనకేల యని సోదరీమణులు కొంద రనుకొనవచ్చును. దేశ మేదైనను, ఆడుదాని చేతిపనికి వెల కట్టువా రెవరు, ఆ వెలలో ఆమె యింటికి చేరున దెంత, యను ప్రశ్న మనకు పరాయిది కాదు గదా. ఆ ప్రశ్నకు బాక్‌నిన్‌లో దొరకునంత సమాధానము మేము చదివిన యే గ్రంథమునను మాకు దొరకలేదు.

మావారియొద్ద చదువుకొన్న శిష్యు డొకడు అచ్చట యొక కర్మాగారమున ఇంజనీరుగా నున్నాడు. అతడును అతని యిల్లాలును మమ్ము పలుమారు పిలువగా పది దినములు పోయి యుండి వచ్చితిమి. విమానము దిగిన చోటినుండి తూర్పుగా పోవు పెద్దబాటయే యెన్ ఫోంగ్ అను చోటికి చేర్చును. దారిలో ఒకప్రక్క నాట్లు వేయుచున్న స్త్రీలు, తాటాకు టోపులు, మడిలో నిలిచిన కొంగలు. అంతలో ఒక తెల్లని గోడ ప్రారంభమైనది. కారు పోవుచునే యున్నది, గోడయు పోవుచునే యున్నది. అది సామ్‌సంగ్ కంపెనీవారి ఫోనుల కర్మాగారము. 2008లో 67 కోట్ల డాలర్ల మూలధనముతో దీనికి అనుమతి లభించినది. మరుసటి యేడే ఫోనులు బయటికి వచ్చినవి. తరువాత పొరుగున నున్న థాయ్ న్గుయెన్‌లో ఇంకొకటి కట్టిరి. ఆ కంపెనీవారు లోకమంతటికి అమ్ము ఫోనులలో సగము వరకు వియత్నాములోనే తయారగు ననిన, ఆ గోడ పొడవు మాకు ఆశ్చర్యము కాలేదు. క్వే వోలో కానన్ కంపెనీవారి అచ్చుయంత్రముల కర్మాగారము అంతకు ముందే వచ్చినది. 2023లో చిప్పులను కూర్చి పరీక్షించు ఆమ్‌కోర్ వారి పెద్ద కర్మాగారము యెన్ ఫోంగ్‌లోనే తెఱచిరి. ఇక ఫాక్స్‌కాన్ అను తైవాను కంపెనీ పేరు మన తెలుగువారికి క్రొత్త కాదు. తిరుపతికి తూర్పున నున్న శ్రీసిటీలో 2015 నుండి ఫోనులు కూర్చిన ఆడుపిల్లల కూటమి దానిదే. ఆ సంస్థయే బాక్‌నిన్, బాక్ జాంగులలో అంతకు ఎనిమిదేండ్లు ముందుగా అడుగుపెట్టినది.

సాయంకాలము షిఫ్టు మాఱు వేళ ఆ గోడ ముందు నిలిచి చూడవలయును. వరుసలు వరుసలుగా బస్సులు వచ్చి ఆగును. ఒక షిఫ్టు దిగును, ఒక షిఫ్టు ఎక్కును. దిగువారిలోను ఎక్కువారిలోను ఎక్కువమంది ఇరువదేండ్ల వయసు ఆడుపిల్లలే. నవ్వుచున్నవారు కొందరు, నిలువున నిద్రించుచున్నవారు కొందరు. వీరిని పనికి దీసికొనుటకు కారణ మడుగగా, సన్నని వ్రేళ్లు, నిలుకడ చూపు, ఓర్పు అని అందఱును చెప్పుదురు. దారము సూదిలో ఎక్కించు వ్రేళ్లను మన పెద్దలును మెచ్చుకొనెడివారే. మెచ్చుకోలు ఒకటి, జీత మొకటి. అసలు జీతముతో ఊరికి పంపుటకు మిగులునది స్వల్పము. అధికసమయపు పని చేసిననే చేతిలో నాలుగు డబ్బు లాడును. ఆ అధికసమయము ఏడాదికి 300 గంటలకు మించరాదని వారి చట్టము. కొందఱు పిల్లలు ఆ పరిమితిని తమకు రక్షణగా గాక, తమ సంపాదనకు అడ్డుగోడగా భావించుచున్నారని విని మేము కొంతసేపు మాటలాడలేక పోతిమి.

వారి చట్టములో మనము మెచ్చవలసినవి యున్నవి. 2013 నుండి ప్రసవపు సెలవు ఆఱు నెలలు. ఆ కాలమున జీతమునకు సమానమైన సొమ్ము సామాజిక భీమానిధినుండి వచ్చును. మన దేశమున 26 వారముల సెలవు 2017లో గదా వచ్చినది. బిడ్డకు ఏడాది నిండువరకు తల్లికి దినమునకు ఒక గంట విరామము. నెలసరి దినములలో రోజునకు అరగంట విశ్రాంతి. ఈ చివరిదానిని చట్టములో వ్రాయుటకు తగిన ధైర్యము మన పెద్దమనుష్యుల కెప్పుడు కలుగునో! అయితే ఆఱు నెలలు గడచిన తరువాత ఏమగును? కర్మాగారపు పిల్లలలో చాలమంది థాన్ హోవా, న్గే ఆన్ వంటి దూరపు సీమలనుండియు, ఉత్తరపు కొండలనుండియు వచ్చినవారు. వారుండునది పల్లెలలో వరుసగా కట్టిన అద్దెగదులు. పన్నెండడుగుల గది, ఒక మంచము, ఒక వంటపొయ్యి, తలుపు ముందు మోటారు సైకిలు. పగటి షిఫ్టు ఒక వారము, రాత్రి షిఫ్టు ఒక వారము. పసిబిడ్డను ఆ గదిలో ఎవరు చూతురు? కావున బిడ్డ అమ్మమ్మయొద్దకో నాయనమ్మయొద్దకో పోవును. తల్లి ఫోనులో బిడ్డ ముఖము చూచుకొనును. ఒక గది ముందు ఒక తల్లి అట్లు మాటలాడుచుండగా చూచితిమి. అవతల బిడ్డ ఫోనును నోట పెట్టుకొనుటచే ఆమెకు చీకటి తప్ప ఏమియు కనబడుట లేదు. అయినను ఆమె మాటలాడుచునే యుండెను.

ఈ సీమ కర్మాగారములు రాకముందు పాటలకు ప్రసిద్ధి. క్వాన్ హో అను పాటలవి. బాక్‌నిన్, బాక్ జాంగ్ సీమలు రెండింటిలో కలిసి 49 పల్లెలు వీనికి మూలస్థానములని లెక్క. 2009లో యునెస్కోవారు వీనిని మానవజాతి సంపదగా గుర్తించిరి. ఒక పల్లెనుండి ఇద్దఱు స్త్రీలు ఒక్క గొంతుగా పాడుదురు. వేఱొక పల్లెకు చెందిన ఇద్దఱు పురుషులు అదే వరుసలో, వేఱు మాటలతో బదులు పాడవలయును. వాద్యము లేదు. గొంతే వాద్యము. స్వరమును కంఠమున ఆపి గింజలు రాల్చినట్లు విడుచు నేర్పు ఒకటి కలదు. దానిని చిన్ననాట నేర్వనివారికి పట్టుబడుట దుర్లభమట. పాటలలో ప్రేమ నిండియుండును. కాని జత కట్టిన రెండు పల్లెల గాయకులు తోడబుట్టినవారితో సమానము. వారికి పెండ్లి నిషిద్ధము. పాటలో ప్రాణ మర్పించి, ఇంటికి పోయి వేఱొకరితో కాపురము చేయవలసినదే. ఈ కట్టుబాటు క్రూరమని మా కనిపించినది. అయితే నూఱేండ్లు గడచినను పాట ఆఱకుండుటకు అదియే నూనె యేమో!

అతిథి రాగానే తాంబూల మిచ్చుట వారి మర్యాద. తమలపాకు అంచును కత్తిరించి, పక్షిరెక్కవలె మడచి, వక్కతో కూర్చి ఇత్తురు. ఆ చిలుకను చూడగానే మేము మన పేరంటమునకే వచ్చితి మనుకొంటిమి. సున్నము పాలు మాత్రము మన నోటికి ఎక్కువ. భోజనమునకు మా బాధ వేఱు. శాకాహారమును వారు "చై" అందురు. తేనీరు కోరి ఆ మాట యన్నవారికి టోఫు కూర వచ్చును. పాడ్యమినాడును పున్నమినాడును బౌద్ధ గృహములలో చాలమంది చై భుజించుట కలదు గనుక మాకు ఆ రెండు దినములు పండుగ. మిగిలిన దినములు శిష్యుని యిల్లాలి చేతి పప్పుచారు మమ్ము కాచినది.

దువోంగ్ నది దాటి దక్షిణముగా పోయినచో జౌ ఆలయము వచ్చును. పూర్వము లూయ్ లౌ అను నగరమున్న చోటు అది. బౌద్ధమతము సముద్రమార్గమున హిందూదేశమునుండి ఆ దేశమునకు తొలుత చేరిన చోట్లలో అది ముఖ్యమైనది. 580వ సంవత్సరమున వినీతరుచి యను మన దేశపు భిక్షువు ఆ యాలయమునకు వచ్చి యుండెనని వారి గ్రంథములు చెప్పును. అంతకు పూర్వపు కథ యొకటి మాకు మిక్కిలి నచ్చినది. హిందూదేశమునుండి ఖౌ దా లా అను సన్న్యాసి వచ్చి అచ్చట నుండెను. ఆయన మఠమున మాన్ నువోంగ్ అను కన్య పనిపాటలు చేయుచుండెను. ఒకనాడామె అలసి గుమ్మమున నిదురింపగా ఆయన దాటి పోయెను. అంతమాత్రమున ఆమె గర్భవతి యయ్యెనట. పుట్టిన ఆడుబిడ్డను ఆయన ఒక పెద్ద వృక్షపు తొఱ్ఱలో నుంచెను. ఏండ్లు గడచిన తరువాత గాలివానకు ఆ వృక్షము కూలి, నదిలో కొట్టుకొని వచ్చి ఆ యూరియొద్ద నిలిచినది. ఎందఱు వీరులు లాగినను కదలలేదు. మాన్ నువోంగ్ తన నడికట్టు విసరి లాగగా ఒడ్డునకు వచ్చినది. తల్లిని బిడ్డ యెఱుగదా! ఆ మ్రానితో నలుగురు దేవతల బొమ్మలు చెక్కిరి. మేఘదేవత, వర్షదేవత, ఉఱుముల దేవత, మెఱుపుల దేవత. నలుగురును అక్కచెల్లెండ్రు. నాలుగవ చాంద్రమాసపు 8వ తేదీని ఉత్సవము జరుగును. ఆనాడు ఈ దేవతలను పల్లకీలలో మోసి, తల్లియైన మాన్ నువోంగ్ గుడికి తీసికొనిపోవుదురు. దేవతలకును పుట్టింటికి పోవు దినము! వరి పండించు నేలకు వానయే సర్వము గదా. ఆ వానను ఒక పనిపిల్ల కడుపునుండి పుట్టించిన జనుల కల్పన మాకు కన్నుల నీరు తెప్పించినది.

పట్టణమునకు చేరువ కో మే అను పల్లెలో "కొట్టుగదుల అమ్మవారు" అని మనము చెప్పదగిన బా చువా ఖో గుడి యున్నది. పూర్వము యుద్ధకాలమున ధాన్యపు కొట్లను కాచిన స్త్రీ యామె. సంవత్సరారంభమున వ్యాపారులు వచ్చి ఆమెయొద్ద "అప్పు" తీసికొందురు. అనగా కాగితపు నోట్లు, కాగితపు బంగారము నివేదించి, ఈ యేడు లాభము ప్రసాదింపుమని మ్రొక్కి, ఏటి చివర తిరిగి వచ్చి తీర్చుదురు. తీర్చని వారికి మరుసటి యేడు అప్పు పుట్టదని నమ్మకము. ఆ గుడిలోని రద్దీని చూచినచో, కర్మాగారములకు మూలధనము సియోలునుండియే గాక ఇచ్చటనుండి కూడ పోవుచున్న దనిపించును.

దేవతలు స్త్రీలు, పాటకు మూలపుటమ్మ స్త్రీ, సీమకు సిరి తెచ్చినవి స్త్రీల వ్రేళ్లు. ఇట్టి చోట ఆడుశిశువు పుట్టినచో ఇంట దీపము పెట్టుకొందురని మేమూహించితిమి. మా యూహ తలక్రిందయ్యెను. ప్రకృతిసిద్ధముగా 100 మంది ఆడుశిశువులకు 105 మంది మగశిశువులు పుట్టుట లోకరీతి. వియత్నాము దేశము మొత్తముమీద ఇటీవలి లెక్కలలో అది 111, 112 వరకు పెరిగినది. బాక్‌నిన్ సీమలో అంతకంటెను ఎక్కువ. పితృదేవతలకు ధూపము వేయుటకును, ఇంటి పేరు నిలుపుటకును కొడుకే కావలయునను పట్టుదల దీనికి కారణము. గర్భములోని శిశువు ఆడో మగో చెప్పుట అచ్చట చట్టవిరుద్ధము. మన దేశమునను 1994లో అట్టి చట్టము చేసిరి. చట్టము తలుపు మూసినను, సిరి కిటికీ తెఱచును. పేదరికమున లేని పరీక్షలు కలిమి రాగా అందుబాటులోనికి వచ్చినవి. ఆ కలిమిలో కూతుండ్ర చెమట ఎంత కలదో లెక్క వ్రాయువారు లేరు. ఈ విషయము శిష్యుని యిల్లాలితో ప్రస్తావింపగా, "అమ్మగారూ, మన ఊళ్లో మాత్రం తక్కువా?" అని ఆమె తల వంచుకొన్నది. ఆమెకు ఇద్దఱు కూతుండ్రు.

సిరితో వచ్చిన మఱియొక అనర్థము నీటికి పట్టినది. ఫోంగ్ ఖే అను పల్లెవారు పూర్వము చెట్టుబెరడుతో చేతికాగితము చేసెడివారు. నేడు యంత్రములతో చిత్తుకాగితమును ఉడికించి మరల కాగితము చేయుదురు. "ఐదు తాలూకాల యేరు" అను అర్థముగల పేరున్న అచ్చటి కాలువ నల్లబడి కంపు కొట్టినది. ప్రభుత్వమువారు కొన్ని కర్మశాలలను మూయించిరి. దోంగ్ హో పల్లె వారి చిత్రములు మాత్రము చూచి తీరవలయును. ఆల్చిప్పల పొడి పూసి తళుకు తెచ్చిన కాగితముమీద, కొయ్య అచ్చులతో, నీలిమొక్క నీలము, వెదురాకు బొగ్గు నలుపు, పూల పసుపు అద్దుదురు. ఎలుకల పెండ్లి ఊరేగింపు, సవతుల కయ్యము వంటివి వారి చిత్రములు. నేడా పల్లెలో కొద్ది కుటుంబములే ఆ పని చేయుచున్నవి. మిగిలినవారు గుడులలో కాల్చుటకు కాగితపు వస్తువులు చేసి బ్రదుకుచున్నారు.

2021 మే నెలలో కరోనా వ్యాధి ఈ రెండు సీమల కర్మాగారములలో కార్చిచ్చువలె వ్యాపించినది. మే 18వ తేదీని బాక్ జాంగ్‌లో నాలుగు పారిశ్రామికవాడలను మూసివేసిరి. పిదప, పని సాగవలె నన్నచో పనివారు అక్కడనే పని చేసి, అక్కడనే తిని, అక్కడనే నిదురింపవలయునను నియమముమీద తెఱచిరి. యంత్రముల ప్రక్కన చాపలు, చిన్న డేరాలు వేసి వారములకొలది గడపిరి. అప్పుడే లుక్ న్గాన్ ప్రాంతమున లిచీపండ్లు ఎఱ్ఱబడినవి. కొనువారు రాలేరు, కోయువారు చాలరు. పంట రెండు లక్షల టన్నులకు మించినది. రైతుస్త్రీలు ఫోనులు ఎదుట నిలుపుకొని, పండ్లగంపలు చూపుచు, దేశమంతటికి అంగడి పెట్టి అమ్మిరి. జపానుకు కూడ ఎగుమతి యైనవి. అన్నదాతయు యంత్రపు పనిపిల్లయు ఒకే నెలలో ఒకే ఫోనును చెరియొక కొసన పట్టుకొని నిలిచిరి. ఆనాటి సంగతులు చెప్పునపుడు అచ్చటివారు ఫిర్యాదు చేయరు, గొప్పలును చెప్పరు. "అయిపోయినది" అందురు.

మేము తిరిగివచ్చుటకు ముందుదినము యెన్ ఫోంగ్‌కు చేరువనే కౌ నది యొడ్డున నున్న జియెమ్ అను పల్లెకు పోయితిమి. క్వాన్ హో పాటలకు ఆదిదేవతయైన వువా బా గుడి ఆ యూరనే యున్నది. పూర్వము ఈ పల్లెలలో పాట తెలిసిన పెద్దయింటిలో కన్నెపిల్లలు రాత్రులు కూడి, పాటలు నేర్చి, అచ్చటనే వరుసగా పండుకొనెడివారు. వేకువన లేచి ఎవరి యింటికి వారు పోయెడివారు. మమ్ము తీసికొనిపోయిన యింటి అవ్వకు డెబ్బదేండ్లు దాటినవి. పండ్లు నల్లరంగు వేసినవి, కన్నులు చురుకైనవి. ఆమె పొలములో సగము పారిశ్రామికవాడ క్రిందికి పోయినదట. వచ్చిన సొమ్ముతో పెరటిలో ఎనిమిది అద్దెగదులు కట్టించినది. ఎనిమిదింటను కర్మాగారపు పిల్లలే. వారిలో ముగ్గురు పాట నేర్చుకొందుమని వచ్చి చాపమీద కూర్చుండిరి. ఇద్దఱు న్గే ఆన్‌వారు. వారి యాస బరువైనది, స్వరము గింజలుగా రాలదు. అవ్వ విసుగుకొనక, తన గొంతుమీద వారి వ్రేళ్లు పెట్టించి, ఎక్కడ ఆపవలెనో చూపినది. ఫోనులోపలి మరలు బిగించు ఆ సన్నని వ్రేళ్లు ముడుతల గొంతుమీద కదలుచుండగా, ఆ పిల్లలు మొదటిమారు ఒక్క స్వరమును సరిగా పట్టిరి. అవ్వ నవ్వి, ఒక్కొక్కతెకు ఒక తాంబూలపు చిలుక నిచ్చినది.

అతిథులను సాగనంపు పాటతో సభ ముగించుట అచ్చటి ఆచారము. అది నిదానముగా, తెల్లవాఱు జామున పాడవలసిన పాటయట. ఆ రాత్రి మాకోసము అవ్వ దానిని ఏడింటికే యెత్తుకొన్నది. రెండవ చరణము నడుచుచుండగా ముగ్గురును లేచి, చెప్పులు తొడిగికొని, వంగి నమస్కరించి వెడలిరి. ఎనిమిది గంటల షిఫ్టు బస్సు వీధి మొగను నిలిచియుండెను. అవ్వ తక్కిన చరణములను ఒంటరిగా పాడినది.